పాయింట్ లోబోస్‌లో తొలి షోర్ డైవ్: ఐదుగురం, చోటు ఎవరికీ తెలీదు

అండమాన్_బ్యాచ్:
వచ్చే నెల ఫ్రీమాంట్ నుంచి ఐదుగురం కాలిఫోర్నియా తీరంలోని పాయింట్ లోబోస్ వేలర్స్ కోవ్‌కి (చిన్న అఖాతం) వెళ్తున్నాం, ఒడ్డు నుంచే దిగి స్కూబా డైవ్ చేయడానికి. రిజర్వేషన్ దొరికింది. అందరికీ ఓపెన్ వాటర్ కార్డుంది (డైవింగ్‌లో తొలి మెట్టు సర్టిఫికెట్). తలా పాతిక డైవ్‌లు చేశాం కానీ అన్నీ అండమాన్‌లోని హేవ్‌లాక్‌లోనే, పడవ మీంచి, గైడ్ వెనకాలే. ఇక్కడికి 7 ఎం.ఎం. మందం వెట్‌సూట్లు, అల్యూమినియం 80 రకం గాలి సిలిండర్లు అద్దెకు తీసుకుంటున్నాం. ఫోర్‌కాస్ట్‌లో అల 4 అడుగులుంటే దిగొచ్చా? మునగడానికి నడుముకి బరువు ఎంత పెట్టుకోవాలి? గాలి ఎంత ఉండగా వెనక్కి తిరగాలి?

నీటికాకి:
4 అడుగులు అన్నంత మాత్రాన ఏమీ తేలదండి, పక్కనున్న సెకన్లు (ఒక కెరటానికీ తర్వాతి దానికీ మధ్య వ్యవధి) చూడాలి. 8 సెకన్ల అల ప్రభావం సుమారు 160 అడుగుల లోతు దాకానే. అదే 16 సెకన్లదైతే 650 అడుగుల దాకా నీటిని కదుపుతుంది. అందుకే అది ఒడ్డు దగ్గర పడేసరికి నిటారుగా లేస్తుంది, 40 అడుగుల లోతులో కూడా మిమ్మల్ని ముందుకీ వెనక్కీ ఊపేస్తుంది. బయలుదేరే ముందు మాంటెరే 46042 బోయ్ (సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే సాధనం) రీడింగులో ఎత్తు, సెకన్లు, దిశ మూడూ చూడండి. ఈ కోవ్ ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది. దక్షిణం నుంచి వచ్చే అల పెద్దగా తగలదు, వాయవ్యం నుంచి వచ్చేది మాత్రం లోపలికి వస్తుంది.

అక్కడికెళ్లాక గేర్ దించకుండా ఓ ఇరవై నిమిషాలు నీళ్లనే చూడండి. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి. మొదటి ఐదు నిమిషాలు నిమ్మళంగా ఉందని నమ్మితే మోసపోతారు. ఎక్కడ దిగాలన్నది తర్వాత, ఎక్కడ బయటికి రావాలో ముందు తేల్చుకోండి.

పడవల ర్యాంప్ మీద నాచు ఉంటుంది, పాటు వేళ మరీ జారుడు. ఫిన్స్ (పాదాలకి తొడిగే ఈత రెక్కలు) చేత్తో పట్టుకుని, పాదం ఎత్తకుండా ఈడుస్తూ నడుములోతు దాకా వెళ్లండి. అక్కడ బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) గాలి నింపి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఫిన్స్ తొడుక్కోండి.

బరువులూ_బుడగలూ:
7 ఎం.ఎం. రెండు పొరల సూట్, హుడ్ వేసుకున్న 70 కిలోల మనిషి 20–24 పౌండ్లతో మొదలుపెట్టొచ్చు. హేవ్‌లాక్ లెక్క ఇక్కడ పనికిరాదు. పరీక్ష ఇలా: నిండు సిలిండర్, ఖాళీ బీసీడీ, మామూలు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంటే నీళ్లు కళ్లదాకా రావాలి, ఊపిరి వదిలితే మునగాలి. దాని మీద ఇంకో 5 పౌండ్లు వేయండి, మీరు తాగేసే గాలి బరువు అది. ఇది వేయకపోతే చివర్లో భద్రత కోసం 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిన చోట ఆగలేక పైకి తేలిపోతారు.

గాలి సంగతి. వెచ్చటి కారులో 3000 పీఎస్ఐ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలత) చూపించిన గేజ్ చల్లనీళ్లలో ఇంచుమించు 2850కి పడుతుంది. లీక్ అనుకుని కంగారు పడొద్దు. 40 అడుగుల దగ్గర ఒకరి గాలి అయిపోయి, ఇద్దరూ ఒకే సిలిండర్ మీద భయంతో పీలుస్తున్నారనుకోండి. ఉపరితలం లెక్కన ఇద్దరికీ కలిపి నిమిషానికి 80 పీఎస్ఐ. లోతుకెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి గాలి ఎక్కువ ఖర్చవుతుంది, 40 అడుగుల దగ్గర 2.2 రెట్లు. కింద తేరుకోవడానికి ఒక నిమిషం 176, పైకి రావడానికి 170, ఆగేచోట మూడు నిమిషాలకి 350. మొత్తం 700. ఇది ముట్టుకోకూడని గాలి. 2850లో 700 పోతే 2150, అందులో సగం వెళ్లడానికి. అంటే గేజ్ 1800కి రాగానే తిరగాలి. ఎవరిది ముందొస్తే వాళ్లతో పాటు జట్టంతా తిరగాల్సిందే.

ఇంకోటి, హుడ్ అంచు మాస్క్ కింద ఇరుక్కుంటే డైవంతా నీళ్లు కారుతూనే ఉంటాయి. వేలితో చుట్టూ తడిమి చూసుకోండి. నీళ్లు 50–55 ఫారెన్‌హీట్ ఉంటాయి కాబట్టి మునిగే ముందు ఓ నిమిషం ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి కుదుటపడనివ్వండి.

కెల్ప్_తమ్ముడు:
పై లెక్కకి చిన్న చేర్పు. కెల్ప్ (అడుగు నుంచి పైదాకా పెరిగే పొడవాటి సముద్రపు నాచు) కిందుగా ఈదుకుంటూ రావడం తేలిక, పైన తేలి రావడమే నరకం. కాబట్టి ర్యాంప్ దగ్గరపడే దాకా కిందే ఉండేలా చూసుకోండి. దిగే ముందే ర్యాంప్ వైపు కంపాస్ పెట్టి ఆ అంకె పలక మీద రాసుకోండి. కెల్ప్ తగులుకుంటే గిరగిరా తిరక్కండి, ఇంకా చుట్టుకుంటుంది. ఆగి, వెనక ఉన్నవాళ్లకి చూపించండి. తప్పదనుకుంటే కాడని లాగొద్దు, మధ్యకి మడిస్తే పుటుక్కున విరుగుతుంది. ఫిన్ పట్టీల కొసలు ముందే లోపలికి దోపుకోండి.

ఐదుగురిని 2+3గా విడగొట్టొద్దు. పదిహేను అడుగులు కూడా కనిపించని రోజు ముగ్గురిలో ఒకరు తప్పిపోవడం ఖాయం. రెండు జంటలు దిగాలి, ఒకరు ఒడ్డున ఉండాలి, రెండో డైవ్‌కి మారాలి. జోడీ కనపడకపోతే ఒక్క నిమిషం వెతికి ఇద్దరూ నెమ్మదిగా పైకి రావాలి.

అండమాన్_బ్యాచ్:
థాంక్స్ అన్నా. రెండో డైవ్ పక్కనే ఉన్న మొనాస్టరీ బీచ్‌లో చేద్దామా?

నీటికాకి:
వద్దు. కార్మెల్ కాన్యన్ (సముద్రం అడుగునున్న లోతైన లోయ) అంచు అక్కడ ఒడ్డుకి బాగా దగ్గరగా వస్తుంది. అల లోతు నీళ్లలోంచి నేరుగా వచ్చి ఒడ్డు మీదే విరుగుతుంది. ఇసుక గరుకు, వాలు నిట్టనిలువు, కాలు నిలవదు. అక్కడ అలవాటున్నవాళ్లు కూడా రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చే సాధనం) నోట్లోనే ఉంచుకుని మోకాళ్ల మీద పాకుతూ బయటికొస్తారు.

మాంటెరేలో బ్రేక్‌వాటర్‌కి (అలల్ని అడ్డుకునే రాళ్ల గోడ) వెళ్లండి. శాన్ కార్లోస్ బీచ్ ఇసుకలోంచి దిగి, రాళ్ల గోడని కుడిపక్కన ఉంచుకుని పోవడం, ఎడమపక్కన ఉంచుకుని రావడం. గోడ మీద సీ లయన్లు పడుకుని ఉంటాయి, వాటికి కాస్త ఎడంగా తిరగండి.