నెబ్యులైజర్ పెట్టినా మందు లోపలికి దిగట్లేదు, ఎందుకు?

ప్రశ్న: దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌కి డాక్టర్ రాసిన శ్వాసనాళాలను వదులు చేసే మందులు సాల్బుటమాల్ 2.5 మి.గ్రా., ఇప్రాట్రోపియం 500 మైక్రోగ్రాములు జెట్ నెబ్యులైజర్‌లో (గాలి ఒత్తిడితో మందును తుంపరగా మార్చే యంత్రం) కలిపి పెడితే, 25 నిమిషాలైనా మందు మిగులుతోంది. పిల్లికూతలూ తగ్గట్లేదు. లోపం ఎక్కడ?

జవాబు 1: ముందు మందు పోసే కప్పు విప్పి జెట్ చూడండి. సూదిమొనంత రంధ్రం అది, ఎండిన మందు పేరుకుంటే పొగ పలచబడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి కడిగి, గాలికి ఆరనివ్వండి. పిన్నుతో మాత్రం పొడవకండి. రంధ్రం సాగితే తుంపరలు లావవుతాయి, గొంతులోనే అతుక్కుంటాయి. 1–5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపరే లోపలి శ్వాసనాళాలకు చేరేది. ఆ తర్వాత యంత్రంలో గాలి ఫిల్టర్, ట్యూబులో మడతలు చూడండి. గాలి నిమిషానికి 6–8 లీటర్లు రావాలి. స్టెరైల్ సెలైన్‌తో (క్రిములు లేని ఉప్పునీటి ద్రావణం) మందును కలిపి మొత్తం 4–5 మి.లీ. చేస్తే 10 నిమిషాల్లో అయిపోవాలి. మామూలు నీళ్లు వద్దు, నాళాలు బిగుసుకుపోతాయి. మందు అయిపోవస్తూ కప్పులో చిటపట శబ్దం మొదలయ్యాక దాన్ని ఓసారి తట్టి, కాసేపటికి ఆపేయండి. అడుగున 1 మి.లీ. దాకా మిగలడం మామూలే.

జవాబు 2: మాస్క్ వదులుగా ఉన్నా మందు బయటికే పోతుంది. ఇప్రాట్రోపియం కళ్లలో పడితే గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా. మౌత్‌పీస్ మేలు. పెదాలు బిగించి నోటితోనే పీల్చాలి, కప్పు నిటారుగా ఉండాలి.

జవాబు 3: ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచే రోగులకు నెబ్యులైజర్‌ను ఆక్సిజన్‌తో కాకుండా గాలితో నడపాలి, దయచేసి ఇది మర్చిపోకండి. అన్నీ సరిచూశాక కూడా కూతలు తగ్గకపోతే డోసు మీరే పెంచకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.