బొగ్గు నుంచి సోలార్‌కి వెళ్లే దారిలో గ్యాస్ మజిలీ: నిజంగా మేలేనా?

గోదారిగట్టు:
2030 కల్లా దేశ ఇంధన వాడకంలో గ్యాస్ వాటా 15 శాతం చేయాలన్నది కేంద్రం లక్ష్యం. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. బొగ్గు మానేసేలోపు ఇది మధ్యలో ఆసరా అంటున్నారు. నాకైతే మింగుడుపడటం లేదు. బొగ్గుతో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ సగమే అంటారు, అది కాల్చే చోట లెక్క. బావి నుంచి అక్కడిదాకా వచ్చేలోపు కారిపోయేదాని సంగతేంటి? గ్యాస్ అంటే చాలావరకు మీథేన్. కాలకుండా గాల్లో కలిస్తే 20 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది.

సబ్‌స్టేషన్ బాబాయ్:
80 రెట్లు అని భయపెడితే ఎలాగండీ? 100 ఏళ్లకు చూస్తే అది 30 దగ్గరే. సాయంత్రం ఏడింటికి సోలార్ సున్నా, అప్పుడే ఇళ్లలో లోడు పెరుగుతుంది. చల్లబడ్డ బొగ్గు యూనిట్‌ని లైన్లోకి తేవాలంటే గంటలు పడుతుంది. గ్యాస్ టర్బైన్ నిమిషాల్లో అందుకుంటుంది. బూడిద చెరువుల బాధా లేదు.

గోదారిగట్టు:
బాబాయ్ గారూ, మజిలీ అంటున్నది రాబోయే 20 ఏళ్లకే కదా? మరి దాన్ని 100 ఏళ్ల సగటుతో కొలవడం ఏం న్యాయం? మీథేన్ గాల్లో ఉండేదే సుమారు పన్నెండేళ్లు, దాని దెబ్బంతా ముందే పడుతుంది. 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం అమెరికాలో తీసిన గ్యాస్‌లో 2.3 శాతం లీకవుతోంది. అక్కడి ప్రభుత్వ అంచనా కంటే ఇది 60 శాతం ఎక్కువ. లీకు 3 శాతం దాటిందంటే, 20 ఏళ్ల లెక్కలో బొగ్గు మీద గ్యాస్‌కున్న లాభం దాదాపు పోయినట్టే. మనం వాడేదాంట్లో దాదాపు సగం దిగుమతి. మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి, ఓడెక్కించి, ఇక్కడ మళ్లీ ఆవిరి చేయాలి. ఆ ఖర్చయ్యే ఇంధనం ఎవరి ఖాతాలో రాస్తున్నారు?

కోనసీమ కొబ్బరి:
లీకంటే ఏంటో మా వైపు అడగండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోని నగరం అనే ఊళ్లో పైపులైను నుంచి వచ్చిన గ్యాస్ ఊరి మీద పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలింది, 20 మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. సిలిండర్ గ్యాస్‌కి వాసన ఉండేది కలుపుతారు కాబట్టి. బావిలోంచి వచ్చే మీథేన్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ఊరి మధ్య లీకే కనిపెట్టలేకపోతే, పొలాల్లో సన్నగా కారేదాన్ని ఎవరు కొలిచారు?

ఖమ్మం కుర్రోడు:
అన్నా, అంటే సీఎన్‌జీ ఆటోలు, వంటింటి పైపు గ్యాస్ కూడా వద్దంటారా?

గోదారిగట్టు:
వద్దనను తమ్ముడూ. కట్టెల పొగ కంటే వంటగ్యాస్ నయం, అందులో వాదన లేదు. నా గొడవంతా కొత్త కరెంటు ప్లాంట్లతోనే. కట్టారంటే పాతికేళ్లు నడపాల్సిందే, లేకపోతే అప్పు తీరదు. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ చూశాం కదా. 2009లో అక్కడి సముద్రంలోని డీ6 బ్లాకు నుంచి గ్యాస్ మొదలైంది, దాన్ని నమ్ముకుని ప్లాంట్లు లేచాయి. 2013కల్లా వాటికి సరఫరా ఆగింది. సామర్లకోటలో 2,400 మెగావాట్లకని తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్ వెళ్లాయి. ఆ లోటు పూడ్చింది ఎవరు? బొగ్గే. బొగ్గు మాన్పిస్తుందన్న గ్యాస్ తిప్పితిప్పి బొగ్గు దగ్గరికే చేర్చింది.

సబ్‌స్టేషన్ బాబాయ్:
సరే, మరి సాయంత్రం లోడుకి ఏం పెడతారో చెప్పండి.

గోదారిగట్టు:
శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లున్నాయి. పగలు సోలార్‌తో నీళ్లు పైకి తోడి సాయంత్రం వదలొచ్చు. పిన్నాపురంలో ఇలా నీళ్లు తోడి వదిలే ప్లాంటే 1,680 మెగావాట్లది కట్టారు. కొత్త గ్యాస్ ప్లాంటుకి పెట్టే డబ్బు అలాంటివాటికీ బ్యాటరీలకీ పెట్టమంటున్నా. ఉన్న గ్యాస్ టర్బైన్లు పీక్‌లో ఓ గంట తిరిగితే నాకేం అభ్యంతరం లేదు.

సబ్‌స్టేషన్ బాబాయ్:
ఎడమగట్టు యూనిట్లు వెనక్కి తోడాలంటే కిందా నీళ్లు నిలబడాలండీ. వేసవిలో రెండు రాష్ట్రాలూ ఆ నీళ్ల కోసం కొట్టుకుంటుంటే మీ పంపులు ఎవరు తిప్పనిస్తారు? బ్యాటరీల సంగతి మాత్రం విడిగా మాట్లాడదాం, టెండర్లలో రేట్లు బాగానే దిగుతున్నాయి.