గాల్లో ఒకేచోట నిలబడే తెల్ల గద్ద ఏది?

ప్రశ్న:
మాది తెనాలి దగ్గర పల్లె. వరి కోతలయ్యాయి, మినుము మొలిచింది. నాలుగు రోజులుగా పొద్దున్నే ఒక పక్షి చేను మీద మేకు కొట్టినట్టు ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతోంది. కాస్త దిగి మళ్లీ ఆగుతుంది. కింది నుంచి చూస్తే తెల్లగా ఉంది. నాన్న గద్ద అంటారు, మేనత్త డేగ అంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి యాప్‌లో పెడితే ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు చెప్పింది. ఆ ఫొటోలో అది నాకే నల్ల చుక్కలా కనిపిస్తోంది, పాపం యాప్‌ని ఏమనగలను? ఎలా తేల్చుకోవాలి?

జవాబు:
అడవి రామదాసు అయ్యుంటుందండీ. ఇంగ్లిషులో బ్లాక్ వింగ్డ్ కైట్ అంటారు. కోసిన మళ్లలో ఎలుకలు బయటపడే రోజులు కదా, దానికి పండగే. కాకంత ఉంటుంది, అంతే. పైన బూడిద రంగు, కింద తెలుపు, భుజం మీద నల్ల మచ్చ, పొట్టి తెల్ల తోక. ఎదిగిన పక్షికి కళ్లు ఎర్రగా ఉంటాయి.

కానీ రంగుతో మొదలుపెట్టకండి. ఆకాశం వెలుతురుకు ఎదురుగా చూస్తే తెల్ల పక్షి కూడా నల్లగానే కనిపిస్తుంది. ఏం చేస్తోందో చూడండి. రామదాసు దిగేటప్పుడు రెక్కలు రెండూ వీపు మీదికి ఎత్తి, కాళ్లు వేలాడేసి, గొడుగులా నెమ్మదిగా జారుతుంది. కరెంటు తీగ మీద వాలాక ఉండుండి తోకను పైకీ కిందికీ ఆడిస్తుంది. ఈ రెండూ కనిపిస్తే నాకిక ఫొటో అక్కర్లేదు.

ఇంకొకరు:
తొందరపడొద్దు. చలికాలంలో కెస్ట్రెల్ అనే చిన్న వేటపక్షి కూడా వస్తుంది, అదీ ఇలాగే గాల్లో నిలబడుతుంది. నేను మొదటి ఏడాదంతా ఆ రెండింటినీ కలగాపులగం చేసుకున్నాను. కెస్ట్రెల్ వీపు ఇటుక రంగు, రెక్కల కొసలు సూదిగా ఉంటాయి. తోక పొడుగు, నిలబడినప్పుడు దాన్ని విసనకర్రలా విప్పుతుంది, చివర నల్ల పట్టీ కనిపిస్తుంది. రామదాసు తోకకు పట్టీ లేదు. ఎండ మీ వీపు వైపు ఉండేలా గట్టు మారి చూడండి, సగం చిక్కు విడిపోతుంది.

అనంతపురం నుంచి:
మా మెట్ట భూముల్లో మూడోది కూడా ఉంది, పాముల గద్ద. అదీ గాల్లో ఆగుతుంది, కింద తెల్లగానే ఉంటుంది. అయితే అది చాలా పెద్దది, తల గుడ్లగూబ తలలా గుండ్రంగా, లావుగా ఉంటుంది. పక్కన కాకి ఎగిరితే పోల్చుకోండి. కాకి దాని ముందు పిట్టలా కనిపిస్తుంది. కాకులు ఎలాగూ తరుముకుంటూ వస్తాయి, కొలబద్ద మనం వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
మరి మా మేనత్త చెప్పే డేగ?

జవాబు:
ఊళ్లలో ఎక్కువగా కనిపించేది జాలె డేగ, అంటే షిక్రా. దానివి పొట్టి గుండ్రటి రెక్కలు. నాలుగుసార్లు టపటపా కొట్టి కాసేపు జారుతుంది, చెట్టులోకి దూరిపోతుంది. గాల్లో అలా నిలబడి వెతకడం దాని పద్ధతి కాదు. మేనత్తగారికి మెల్లగా చెప్పండి, పందెం మాత్రం కట్టకండి.

హైదరాబాద్ నుంచి:
మధ్యలో నాదొకటి. ఎదురింటి వాటర్ ట్యాంకు మీద పెద్ద గోధుమ రంగు పక్షి వాలుతోంది. అది ఈగల్ పక్షేనా?

జవాబు:
నల్ల గద్దేనండీ, నూటికి తొంభైసార్లు. తోక చివర చీలిక చూడండి. తోక పూర్తిగా విప్పితే ఆ చీలిక మాయమై అంచు తిన్నగా కనిపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. తోక గుండ్రంగా ఉంటే గరుడ పక్షి పిల్ల కావచ్చు. తెల్ల తల, ఇటుక రంగు ఒళ్లు పెద్దయ్యాకే వస్తాయి; చిన్నప్పుడు అదీ గోధుమ రంగే.

ప్రశ్న అడిగినవారు:
బైనాక్యులర్ కొనాలనుకుంటున్నాను, ఏది తీసుకోను? ఇంకో మాట. గట్టు మీది తుమ్మ చెట్టులో పుల్లల గూడు కూడా ఉంది. దగ్గరికెళ్లి ఫొటో తీయనా?

జవాబు:
8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ. వెడల్పు. పది రెట్లవి చేతిలో వణుకుతాయి, ఎగిరే పక్షి దొరకదు. గూటి దగ్గరికి మాత్రం వెళ్లకండి. మీరు చెట్టు కింద నిలబడినంతసేపూ తల్లి దూరంగా తిరుగుతుంది, ఈలోపు కాకులు గుడ్లు ఎత్తుకెళ్తాయి. ఆ చెట్టు ఎక్కడుందో ఇక్కడ కూడా రాయొద్దు.

ప్రశ్న అడిగినవారు, మూడు రోజుల తర్వాత:
పక్కింటి బాబాయి దగ్గర పాత బైనాక్యులర్ దొరికింది. ఎండకు వీపు పెట్టి గట్టు మీద కూర్చున్నాను. కాళ్లు వేలాడేసి దిగింది, ఎలుక తప్పించుకుంది. తీగ మీద వాలి తోక ఆడించింది. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. రామదాసే. మేనత్త ఇంకా ఒప్పుకోలేదు.