రెండుసార్లు వాక్ వచ్చినా సగటు ఎలా తగ్గింది?

డల్లాస్ నాన్న (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడ ఒక చిన్న కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాలల క్రీడా సంఘం) మూడో డివిజన్ బేస్‌బాల్ జట్టులో సెంటర్ ఫీల్డ్ ఆడతాడు. నేను గుంటూరులో క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని. సగటు అంటే పరుగుల్ని అవుట్లతో భాగించడం, అంతవరకే నాకు తెలుసు.

మొన్న శనివారం వాడు ఐదుసార్లు బ్యాటింగ్‌కు వెళ్ళాడు. రెండుసార్లు వాక్ (పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఊరికే మొదటి బేస్‌కు వెళ్ళడం). ఒకసారి బంట్ చేసి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించి) ముందున్నవాణ్ని రెండో బేస్‌కు పంపి తాను అవుటయ్యాడు. ఒకసారి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) బంతి జారవిడిస్తే మొదటి బేస్ చేరాడు, దాన్ని ఎర్రర్‌గా రాశారు. మిగిలిన ఒక్కసారీ నేలబారు బంతి కొట్టి అవుట్. నా కళ్ళకు ఇది మంచి ఆటే. కానీ పొద్దున .274 ఉన్న సగటు రాత్రికి .266కి పడింది! పట్టిక రాసినవాళ్ళు పొరబడ్డారా?

ఇప్పటివరకు వాడి వరుస ఇది: ఆటలు 22, ఏబీ 64, హిట్లు 17 (డబుల్స్ 4, ట్రిపుల్ 1, హోమ్ రన్ 1), బీబీ 15, హెచ్‌బీపీ 4, ఎస్ఎఫ్ 3, ఎస్‌హెచ్ 4.

స్కోరుపుస్తకం:

పట్టికలో తప్పేమీ లేదండి. విద్యార్థిగా ఉన్నప్పుడు రెండేళ్ళు కళాశాల ఆటలకు స్కోరు రాశాను, మీ ప్రశ్న ప్రతి వసంతంలోనూ ఎవరో ఒకరు అడిగేవారు.

ఇక్కడ సగటు అంటే హిట్లను (కొట్టిన బంతితో సొంతంగా బేస్ చేరినవి) ఏబీతో (ఎట్ బ్యాట్) భాగించడం. 17ను 64తో భాగిస్తే .266. మెలిక అంతా ఏబీలో ఉంది. బ్యాటింగ్‌కు వెళ్ళిన ప్రతిసారీ ఏబీ కాదు. బీబీ అంటే వాక్, హెచ్‌బీపీ అంటే పిచ్చర్ బంతి ఒంటికి తగలడం, ఎస్ఎఫ్ అంటే లోతుగా గాల్లోకి కొట్టి తాను అవుటై పరుగు తెప్పించడం, ఎస్‌హెచ్ అంటే త్యాగపు బంట్. ఈ నాలుగూ ఏబీలోకి రావు. అందుకే మీవాడు మొత్తం 90 సార్లు వెళ్ళినా ఏబీ 64 మాత్రమే.

శనివారం లెక్క చూడండి. వాక్‌లు రెండూ బయటికి, బంట్ బయటికి. మిగిలినవి రెండు: నేలబారు అవుట్, ఎర్రర్. ఎర్రర్ మీద బేస్ చేరినా బ్యాటర్ ఖాతాలో అది ఏబీయే, హిట్ మాత్రం కాదు. ఫీల్డర్ సరిగా పట్టి ఉంటే అవుటయ్యేవాడు కదా అని వాళ్ళ వాదన. అలా 62కు 17 ఉన్నది 64కు 17 అయింది.

అసలు మీరు చూడవలసిన గడి వేరే ఉంది, ఓబీ అని ఉంటుంది. ఎన్నిసార్లు బేస్ చేరాడన్న లెక్క అది. హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి కలిపితే 36. కింద ఏబీ, వాక్‌లు, ఒంటికి తగిలినవి, ఎస్ఎఫ్ కలిపితే 86. త్యాగపు బంట్‌ను ఇక్కడ కూడా వదిలేస్తారు. 36ను 86తో భాగిస్తే .419. శనివారం పొద్దున అది 82కు 34, అంటే .415. సగటు పడిన రోజునే మీవాడి ఓబీ పెరిగింది!

ఎస్ఎల్‌జీ కూడా చెప్పేస్తాను, హిట్లతో ఎన్ని బేస్‌లు సంపాదించాడన్న లెక్క అది. సింగిల్‌కు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్ రన్‌కు 4 వేసి కూడితే 26. దాన్ని 64తో భాగిస్తే .406. ఓబీ, ఎస్ఎల్‌జీ రెంటినీ కలిపి ఓపీఎస్ అంటారు, మీవాడిది .825.

ఎడమచేతివాటం:

స్కోరుపుస్తకం గారూ, మీ లెక్క సరే. కానీ వాక్‌లో బ్యాటర్ గొప్ప ఏముందండి? క్రికెట్‌లో వైడ్ వేస్తే ఎక్స్‌ట్రాల్లో పడుతుంది, బ్యాటర్ ఖాతాలో పడదు. పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే వీడికి మెచ్చుకోలు ఎందుకు?

స్కోరుపుస్తకం:

మీ వాదన పాతదేనండి. 1887లో ఒక్క సీజన్‌పాటు పెద్ద లీగుల్లో వాక్‌ను కూడా హిట్‌గా లెక్కించారు. సగటులు ఆకాశానికి ఎక్కడంతో మరుసటి ఏడాదే మానుకున్నారు. కాబట్టి సగటులో కలపవద్దంటే ఒప్పుకుంటాను. గొప్ప లేదంటే మాత్రం ఒప్పుకోను.

వైడ్‌ను అంపైర్ చెబుతాడు, బ్యాటర్ బ్యాట్ ఊపి తప్పినా, ఊరికే వదిలేసినా ఒక పరుగు. ఇక్కడ బంతి చెడ్డదని బ్యాటరే కనిపెట్టి, బ్యాట్ ఆపుకోవాలి. ఆటల వారీ వివరాలు తెరిస్తే ప్రతి పేరు పక్కన బ్రాకెట్లో అక్షరాల గొలుసు ఉంటుంది, ఒక్కో అక్షరం ఒక్కో బంతికి. ‘బీబీకేబీఎఫ్‌బీ’ అని ఉందనుకోండి: మొదటి రెండూ చెడ్డ బంతులు, వదిలేశాడు. మూడోది అంపైర్ స్ట్రైక్ (కొట్టదగ్గ బంతి, మూడు స్ట్రైక్‌లైతే అవుట్) అన్నాడు. నాలుగోది మళ్ళీ చెడ్డది. అయిదోదాన్ని ఫౌల్ (గీతల బయటికి) కొట్టాడు. మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్ మీద, గుండె దడదడలాడుతుండగా ఆరోదాన్ని వదిలేశాడు. అదే గొలుసులో ‘ఎస్’ ఉంటే బ్యాట్ ఊపి తప్పాడని. నాలుగు ఆటల గొలుసులు చదివితే కుర్రాడి ఓపిక ఎంతో తెలుస్తుంది, ఆ సంగతి సగటు చెప్పదు.

పాత రికార్డుల పిచ్చి:

ఒక చిన్న హెచ్చరిక. మీవాడి అంకెలను టీవీలో కనిపించే మొదటి డివిజన్ వాళ్ళతో పోల్చకండి. 2024లో జార్జియా విశ్వవిద్యాలయం ఆటగాడు చార్లీ కాండన్ సగటు .433, హోమ్ రన్లు 37. అవి చూసి బెంగపడే తండ్రులు చాలామంది ఉన్నారు. పైగా ఆ డివిజన్‌లో సాధారణ సీజన్‌కు 56 ఆటలు, మూడో డివిజన్‌లో 40.

ఏళ్ళ మధ్య పోలిక ఇంకా ప్రమాదం. 1985లో ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున పీట్ ఇంకావిల్యా ఒక్క సీజన్‌లో 48 హోమ్ రన్లు కొట్టాడు. ఆ కాలపు అల్యూమినియం బ్యాట్‌కు తగిలితే బంతి తూటాలా పోయేది. 2011లో బ్యాట్ల ప్రమాణం మార్చి ఆ జోరు తగ్గించారు. హోమ్ రన్లు మరీ ఎండిపోతున్నాయని 2015లో కుట్టు తక్కువ ఎత్తున్న బంతి తెచ్చారు. వేసవి లీగుల్లో కొన్నిచోట్ల, ఉదాహరణకు కేప్ కాడ్‌లో, చెక్క బ్యాట్లే. వేసవిలో సగటు పడిపోతే కుర్రాడు చెడిపోయాడని అనుకోవద్దు.

ఇంకొకటి. పట్టికలు రెండు ఉంటాయి: మొత్తం ఆటలవి, కాన్ఫరెన్స్ (తమ కళాశాలల గుంపు) ఆటలవి. ఒకదాంట్లో .266, ఇంకోదాంట్లో వేరే అంకె కనిపిస్తే కంగారు పడకండి.

డల్లాస్ నాన్న:

అందరికీ ధన్యవాదాలు. కాగితం మీద మళ్ళీ వేసి చూశాను, .419 సరిగ్గా వచ్చింది. మా ఆవిడకు చూపిస్తే “అయితే మరి వారమంతా వాడి మొహం చూసి మీరెందుకు నిట్టూర్చారు?” అంది.

ఒక్క అనుమానం మిగిలింది. ఆ ఎర్రర్‌ను హిట్‌గా రాసి ఉంటే 64కు 18, సగటు .281 అయ్యేది. దాన్ని మార్చమని అడగవచ్చా?

స్కోరుపుస్తకం:

మామూలు ప్రయత్నంతో అవుట్ చేయగలిగే బంతా కాదా అన్నది స్కోరర్ తీర్పు. అడగాలంటే కోచ్ ద్వారానో, జట్టు గణాంకాలు చూసే సిబ్బంది ద్వారానో అడిగించాలి. తల్లిదండ్రులు నేరుగా వెళ్తే ఆ గదిలో ఎవరికీ నచ్చదు, అనుభవంతో చెబుతున్నాను. ముందు వీడియో ఉంటే చూడండి.

డల్లాస్ నాన్న:

చూశానండి. బంతి నేరుగా షార్ట్‌స్టాప్ గ్లవ్‌లోకే వెళ్ళింది, అడుగు కూడా కదపనక్కర లేదు. చేతిలోంచి జారి పాదాల దగ్గర పడింది. అప్పటికి మావాడు సగం దారిలో ఉన్నాడు. స్కోరర్ సరిగానే రాశారు.