గెయిన్-లాస్ వేవ్‌గైడ్, సూపర్‌సిమెట్రీ: విలువలన్నీ రియల్ వచ్చాయి, కానీ మ్యాచ్ కావట్లేదు

తార్నాక_కుర్రాడు:
నమస్తే అందరికీ. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్, సోమవారం ప్రాజెక్ట్ చూపించాలి, టెన్షన్‌గా ఉంది. లాస్ లేని మామూలు వేవ్‌గైడ్ (కాంతిని ఒక దారిలో నడిపించేది) తీసుకొని, రిఫ్రాక్టివ్ ఇండెక్స్ ఇమాజినరీ భాగంగా గెయిన్ (కాంతిని పెంచేది), లాస్ (తగ్గించేది) రెండూ చేర్చాలి, అయినా ఏ మోడ్ (అందులో కాంతి సాగే ఒక్కో నమూనా) ప్రొపగేషన్ కాన్‌స్టెంట్ (ముందుకు సాగేకొద్దీ ఫేజ్ మారే రేటు) కూడా మారకూడదు. మిరి, హైన్‌రిష్, క్రిస్టొడౌలిడీస్ 2013లో రాసిన సూపర్‌సిమెట్రీ పద్ధతే (ఒక వేవ్‌గైడ్ నుంచి అవే విలువలున్న ఇంకోటి కట్టడం). ఫండమెంటల్ (మొదటి) మోడ్ నుంచి సూపర్‌పొటెన్షియల్ అనే ఫంక్షన్ తీసి, డెరివేటివ్‌తో కలిపి రెండు ఆపరేటర్లు చేసి గుణించాను, ఆ ఫంక్షన్‌లో వచ్చే ‘సి’ అనే స్థిరాంకాన్ని −0.3 + 0.4ఐ అని పెట్టాను. మొదటి మోడ్ విలువ అసలు వేవ్‌గైడ్ విలువతో దశాంశాలతో సహా కలిసింది. మిగతావి కలవట్లేదు, కానీ అన్నీ రియలే! గ్రిడ్ 400 నుంచి 4000 చేశాను, ల్యాప్‌టాప్ మీద దోశ వేసుకోవచ్చు, అంత వేడెక్కింది, ఫలితం మాత్రం అదే. పైగా పీటీ (పారిటీ-టైమ్) సిమెట్రీ లేకుండా రియల్ రాదంటున్నారు మా సార్.

నల్లగండ్ల_అన్న:
తమ్ముడూ, మ్యాట్‌ల్యాబేనా? ట్రాన్స్‌పోజ్‌కి ఒంటి కొటేషన్ గుర్తు ఒక్కటే వాడి ఉంటావు. అది ట్రాన్స్‌పోజ్‌తో పాటు కాంజుగేట్ (ఇమాజినరీ భాగం గుర్తు మార్చడం) కూడా చేస్తుంది. సూపర్‌పొటెన్షియల్ రియల్‌గా ఉన్నంతవరకు తేడా తెలియదు, కాంప్లెక్స్ అయ్యాక కొంప ముంచుతుంది. రెండో ఆపరేటర్‌లో డెరివేటివ్ గుర్తు మారాలి, అంతే, సూపర్‌పొటెన్షియల్‌ని కాంజుగేట్ చేయకూడదు. నువ్వు చేసింది హెర్మిషియన్ మ్యాట్రిక్స్ (తన కాంజుగేట్ ట్రాన్స్‌పోజ్‌కి తానే సమానం), దానికి రియల్ విలువలు ఎలాగూ వస్తాయి, అందులో సూపర్‌సిమెట్రీ గొప్పతనం ఏమీ లేదు. మొదటి మోడ్ ఎందుకు కలిసిందంటావా, కుడివైపు ఆపరేటరే దాన్ని సున్నా చేసేస్తుంది, ఎడమవైపు ఏది పెట్టినా ఒకటే. కొటేషన్ ముందు చుక్క పెట్టు.

ఫోటాన్_పిచ్చి:
సార్ విషయానికి వస్తే, బెండర్, బోచర్ 1998లో పీటీ సంగతి చెప్పినప్పటి నుంచి చాలామంది అలాగే అనుకుంటారు. పీటీ అంటే ఇండెక్స్ రియల్ భాగం సరి ఫంక్షన్, ఇమాజినరీ భాగం బేసి ఫంక్షన్. అది ఉన్నా గెయిన్ ఒక హద్దు దాటితే విలువలు కాంప్లెక్స్ అయిపోతాయి, అది లేకపోయినా రియల్‌గా ఉండొచ్చు. నీ కేసులో రియల్ రావడానికి కారణం అసలు వేవ్‌గైడ్, దాని విలువలే ఇక్కడికి వస్తున్నాయి. సార్‌తో వాదన ఎందుకు అనుకుంటే ‘సి’ రియల్ భాగాన్ని సరిగ్గా −0.5 చెయ్. అసలు వేవ్‌గైడ్ సౌష్ఠవంగా ఉంటే (మోడ్‌ని నార్మలైజ్ చేసి, ఎడమ చివర నుంచి ఇంటిగ్రేట్ చేశావనుకుంటున్నా) కొత్తది పీటీ అవుతుంది.

తార్నాక_కుర్రాడు:
చుక్కే అన్నా!! రెండు రోజులు పోయాయి. అన్నీ కలిశాయి. −0.5 కూడా పెట్టాను. ఇమాజినరీ ఇండెక్స్ గరిష్ఠం 0.001 దగ్గర ఉంది, ఇది ల్యాబ్‌లో సాధ్యమేనా అని కచ్చితంగా అడుగుతారు.

నల్లగండ్ల_అన్న:
లెక్క వెయ్. గెయిన్ అంటే 4పై × ఇమాజినరీ ఇండెక్స్ ÷ తరంగదైర్ఘ్యం. 1.55 మైక్రాన్ల దగ్గర సెంటీమీటర్‌కి 81 వస్తుంది. సెమీకండక్టర్‌తో కుదరొచ్చు, ఎర్బియం కలిపిన గాజుతో అయితే మర్చిపో. తగ్గించాలంటే ‘సి’ ఇమాజినరీ భాగం పెంచు, పెంచేకొద్దీ అసలు వేవ్‌గైడ్‌కి దగ్గరవుతావు, గెయిన్ తగ్గుతుంది, విలువలు కదలవు. 0.4 బదులు 4 పెట్టి గ్రాఫ్ ఇక్కడ వెయ్యి, చూద్దాం. గ్రిడ్ 400 చాలు, ల్యాప్‌టాప్‌ని బతకనివ్వు.