చేసే పనంతా రాసిమ్మంటున్నారు, రాయాలా వద్దా?

మియాపూర్_టెస్టర్:
పదమూడేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ పనిలో ఉన్నా. టెస్ట్ కేసులు ఏం ఆలోచించి రాస్తావో స్టెప్పు స్టెప్పుగా రాసి షేర్ చెయ్ అన్నాడు మా మేనేజర్, కొత్త ఏఐ టూల్‌కి ఎక్కించాలంట. కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టుంది. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందిని తీసేస్తామన్నప్పట్నించి అసలే నిద్ర పట్టట్లే. మీరైతే రాసిస్తారా?

పాతకాపు_కోబాల్:
టీసీఎస్‌ది ఏఐ వల్ల కాదు. వాళ్ల సీఈఓ కృతివాసన్ గారే చెప్పారు, స్కిల్స్ కుదరక, ప్రాజెక్టుల్లో పెట్టలేక తీస్తున్నామని. పైగా మొత్తంలో 2 శాతం. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టమన్నప్పుడూ ఇదే గోల, మా నాన్న యూనియన్ జెండా పట్టుకుని తిరిగాడు, చివరికి అదే కంప్యూటర్ ముందు కూర్చుని రిటైరయ్యాడు.

మియాపూర్_టెస్టర్:
తీసేది ఎక్కువగా మిడిల్, సీనియర్ లెవెల్ వాళ్లనే అని కూడా అదే వార్తలో ఉంది సార్. మీ నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. మాకు ప్రాజెక్టు లేక బెంచీ మీద నెల దాటితే హెచ్ఆర్ ఫోన్ వస్తది.

పాతకాపు_కోబాల్:
ఏఐ వల్లే అని కంపెనీ ఎక్కడ చెప్పింది? అది చెప్పండి ముందు.

గోదారోడు:
ఏ కంపెనీ చెప్తుందండీ బాబూ

నల్లకుంట_అక్క:
నేను 2003 నుంచి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేశా, అమెరికా డాక్టర్ల ఆడియో విని టైప్ కొట్టడం, లైనుకింత అని ఇచ్చేవాళ్లు. సాఫ్ట్‌వేరే టైప్ కొట్టడం మొదలయ్యాక మా ఆఫీసులో ఎవర్నీ తీసెయ్యలేదు, ఎడిటర్లు అని పేరు మార్చి లైను రేటు సగం చేశారు. అది తక్కువని చెప్పే 'హైపో'ని ఎక్కువని చెప్పే 'హైపర్' అని కొడితే పేషెంటు ప్రాణం మీదకొస్తుంది కదా, అందుకని ఆడియో మొత్తం మళ్లీ వినాల్సిందే, టైమేం తగ్గలేదు. ఉద్యోగం సంగతి తర్వాత, జీతం ఏమవుతుందో అడుగు తమ్ముడూ.

పాతకాపు_కోబాల్:
అది వేరే ఫీల్డమ్మా. టాపిక్ టీసీఎస్.

మియాపూర్_టెస్టర్:
టాపిక్ పెట్టింది నేను సార్!!

బ్యాచ్_2022:
అన్నా ఏమనుకోవద్దు. మా బ్యాచ్‌ని ఆఫర్ లెటర్ ఇచ్చి 14 నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు, ఊళ్లో ఎవరు కనపడినా ఇంకా జాయినవ్వలేదా అనే. అప్పుడు ఒక్క సీనియరూ నోరు తెరవలేదు. జాయినయ్యాక డౌట్ అడిగితే కోడ్ చదువుకో పో అన్నాడు మా లీడ్. మీరు తిట్టే ఆ టూలే నాకు విసుక్కోకుండా చెప్పింది. ఇప్పుడు మీరు రాసివ్వనంటే నాలాంటోళ్లకి కూడా నేర్పననే కదా?

మియాపూర్_టెస్టర్:
నీకేం తెల్సు? హోమ్‌లోన్ ఈఎంఐ కట్టినవా, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టినవా? నా జీతానికి నీలాంటోళ్లు ముగ్గురొస్తరు. ఆ టూల్ నీ చేతిల పెట్టి నన్ను పొమ్మంటరు.

బ్యాచ్_2022:
అదీ, ఇప్పుడొచ్చింది అసలు మాట. ఇంతసేపూ భయం నేనంటేనన్నమాట.

మియాపూర్_టెస్టర్:
అవును. నీ తప్పేం లేదు, కానీ రాసియ్యాల్సింది నేను కదరా.

నల్లకుంట_అక్క:
తమ్ముడూ, రాసేముందు ఒక మెయిల్ పెట్టు, ఇది నా రేటింగ్‌లో లెక్కేస్తారా, తర్వాత నా రోల్ ఏంటి అని. నోటిమాట నమ్మకు. మేం ఆరోజు అడగలేదు.

పాతకాపు_కోబాల్:
ఆ 2 శాతం సంగతి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

మియాపూర్_టెస్టర్:
పొద్దున పెట్టినక్కా. మెయిల్లో వద్దు, క్యాబిన్‌కి రా మాట్లాడదాం అన్నడు.