ఓవెన్‌లోంచి తీసినప్పుడు కరకరలాడే బ్రెడ్డు అరగంటకే ఎందుకు మెత్తబడుతోంది?

ప్రశ్న:
మూడు వారాలుగా ప్రతి ఆదివారం ఇంట్లో బ్రెడ్డు చేస్తున్నాను. 500 గ్రాముల మైదా, 350 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, పావు చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్. రాత్రి కలిపి మూత పెట్టేస్తే పొద్దుటికి పిండి రెండింతలై, పైన బుడగలు తేలుతున్నాయి. అక్కడిదాకా ఏ చిక్కూ లేదు. మామూలు ట్రేలో 200 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు కాలుస్తున్నాను. తీయగానే గోటితో కొడితే టకటకమంటుంది. గుడ్డ కప్పి ఉంచి అరగంట తర్వాత కోయబోతే పైపొర తోలులా సాగుతోంది, లోపలి ముక్క వేలికి అంటుకుంటోంది. కొరికితే చప్పుడయ్యే బ్రెడ్డు నాకు కావాలి. ఈస్ట్ మార్చాలా, పిండి మార్చాలా?

జవాబు 1:
రెండూ మార్చక్కర్లేదు. వేడి చాలలేదు, 230 డిగ్రీలకు పెంచండి. ఆ గుడ్డ కూడా కప్పకండి.

జవాబు 2:
పై మాట నిజమే కానీ, ఉత్త ట్రేలో వేడి మాత్రమే పెంచితే మరో ఇబ్బంది వస్తుందండి. నేను చాలాకాలం అలాగే చేశాను. పైపొర ముందే గట్టిపడిపోయి బ్రెడ్డు పొంగలేక, పక్క నుంచి ఎక్కడో పగిలేది.

మొదటి 20 నిమిషాలు ఆవిరి కావాలి. పైభాగం తడిగా ఉంటేనే పిండి సాగుతూ పొంగుతుంది. పైనున్న గంజి ఉడికి పల్చటి పొరలా పరుచుకుంటుంది, తర్వాత కరకరలాడేది అదే. మూత ఉన్న మందపాటి ఇనుప పాత్ర ఉంటే ఆవిరి విడిగా పుట్టించే పనే లేదు, పిండిలోని తడే చాలు. పిసకకుండా రాత్రంతా పులిసిన పిండిని అలాంటి పాత్రలో కాల్చే పద్ధతి న్యూయార్క్ బేకర్ జిమ్ లేహీది. 2006లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చాక ఇళ్లలో బాగా వ్యాపించింది.

ఖాళీ పాత్రను మూతతో సహా 230 డిగ్రీల ఓవెన్‌లో అరగంట కాగనివ్వండి. మూత పిడి ప్లాస్టిక్‌దైతే ముందే తీసేయండి, కరుగుతుంది. పిండి ముద్దను బేకింగ్ కాగితం మీద పెట్టి, పైన బ్లేడుతో అర అంగుళం లోతు గాటు పెట్టి, కాగితంతోనే పాత్రలోకి దించండి. మూతతో 25 నిమిషాలు, మూత తీసి మరో 20 నిమిషాలు.

మూత తీశాక తొందరపడకండి, దయచేసి! లేత బంగారు రంగు రాగానే చాలనిపిస్తుంది. అప్పటికి లోపల ఇంకా చాలా తడి ఉంటుంది. చల్లారేటప్పుడు ఆ తడే పైకి వచ్చి పొరను మెత్తబరుస్తుంది. మీ బ్రెడ్డుకు జరిగింది అదే, గుడ్డ దానికి తోడైంది. గాటు అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగేదాకా ఉంచండి. థర్మామీటర్ ఉంటే నడిమధ్య గుచ్చి చూడండి, 96 నుంచి 98 డిగ్రీలు ఉండాలి.

తీశాక కింద గాలి ఆడేలా జాలీ మీద పెట్టి, చెవి దగ్గరగా ఆనించి వినండి. పైపొర సన్నగా చిటపటమంటూ పగుళ్లు తేలుతుంది. ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు. గంట దాటేదాకా కోయకండి, వేడిమీద కోస్తే లోపల బంకగానే ఉంటుంది.

అన్ని మైదాలూ ఒకేలా నీళ్లు పీల్చవు. ముద్ద చేతిలో నిలవకుండా జారిపోతుంటే నీళ్లు 325 గ్రాములకు తగ్గించండి.

ప్రశ్న అడిగినవారు:
ఈరోజు అలాగే చేశాను. చిటపటలు విన్నాను! గంటన్నర ఆగి కోస్తే కత్తి కింద పొర పెళపెళలాడింది. లోపల చిన్నా పెద్దా రంధ్రాలు, బంక లేదు. అడుగు మాత్రం నల్లగా మాడింది.

జవాబు 2:
చాలా సంతోషమండి. పాత్రను ఒక అర పైకి జరిపి, మూత తీసేటప్పుడు కింది అరలో ఖాళీ ట్రే పెట్టండి. కింది నుంచి కొట్టే వేడిని అది అడ్డుకుంటుంది. అయినా మాడితే ఖాళీ పాత్రను కాచే సమయం పది నిమిషాలు తగ్గించి చూడండి. పైన కాల్చే సమయం మాత్రం తగ్గించకండి.